డాబా మీద ఇనుప కొంగ

ఆరోజు పొద్దున్న వానసారు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఎనిమిదింటికి కొంగను ట్రాలీ ఆటోలో ఎక్కించి ఆఫీసుకు తీసుకెళ్లాలి. డాబా మీద నీళ్ల ట్యాంకు చాటున పెట్టాలి. మూడింటికి అదే ట్రాలీ వచ్చి దాన్ని రెండు వీధుల అవతలున్న ప్రదర్శనశాలకు చేరుస్తుంది. నాలుగింటికి న్యాయనిర్ణేత వస్తారు. ఈలోగా అది ఎవరి కంటా పడకపోతే చాలు.

"ఇంత చిన్న పనికి మూడు రోజుల్నుంచీ అన్నం సయించకపోవడమేమిటండీ?" అంది భార్య.

"చిన్న పని గనకే భయం. పెద్ద పనైతే ఎక్కడో ఒకచోట చెడుతుందని ముందే స్థిమితపడొచ్చు" అన్నాడు వానసారు.

ఆయన వాతావరణ కార్యాలయంలో పరిశీలకుడు. గాలి వేగం, ఎండ వేడి, వాన కొలత పుస్తకంలో రాసి పై ఆఫీసుకు పంపుతాడు. సూచనలు తయారుచేసేది పై ఆఫీసు. అయినా బట్టలారేసిన రోజున వాన పడితే వీధివాళ్లు తిట్టేది ఈయన్నే. వానసారు అన్న పేరు అలా వచ్చిందే. పద్దెనిమిదేళ్లుగా చెయ్యని తప్పుకు తలొంచుకుని నడవడం వల్ల, ఆయనకు ఏ విషయంలోనైనా ముందు భయం వేసేది, ఆ తర్వాతే సంగతేమిటో తెలిసేది.

ఒక్క ఇనుము దగ్గర మాత్రం భయం లేదు. నాలుగేళ్ల కిందట ఒక పార్కులో ఎవరో చేసిన రేకుచేప గాలికి తోకాడిస్తూ ఈదుతుంటే, బెంచీ మీంచి లేవకుండా గంటసేపు చూశాడు. ఇన్నేళ్లూ గాలిని కొలవడమే గానీ, దానికి ఆడుకోవడం కూడా వచ్చని ఆరోజే తెలిసింది. మర్నాడే పాత వెల్డింగు మిషనొకటి ఇంటికి తెచ్చాడు. మొదటి ఏడాది వేళ్లు కాల్చుకున్నాడు. రెండో ఏడాది కిటికీ తెర కాల్చాడు. మూడో ఏడాది చేసిన తాబేలు ఎంత గాలికీ కదల్లేదు. తాబేలే కదా అని సరిపెట్టుకున్నాడు.

నాలుగో ఏడాది కొంగ. పాత స్టవ్వు ట్యాంకు దాని ఒళ్లు, సైకిలు చెయిను మెడ, ఫ్యాను బేరింగు నడుము. రెక్కలకు ముప్ఫై ఆరు చెంచాలు. గాలి తగిలితే రెక్కలు ఒకదాని తర్వాత ఒకటి లేస్తాయి, మెడ వంగుతుంది, ముక్కు ముందు తగరపు చేప ఒకటి గిర్రున జారిపోతుంది. కొంగ తలెత్తి నాలుగు దిక్కులా చూసి, ఎవరూ గమనించలేదని నిమ్మళించి, మళ్లీ వంగుతుంది. ఎంత గాలి వీచినా చేప అందదు. ఆ తలెత్తి చూడటం సరిగ్గా కుదరడానికి వానసారుకు ఏడు నెలలు పట్టింది.

ఆయన భార్య బడిలో లెక్కల టీచరు. వంటింట్లో చెంచాలు ఒక్కొక్కటే తగ్గిపోవడాన్ని ఆవిడ మొదటి వారంలోనే లెక్కగట్టింది గానీ, ఏమీ అనలేదు. పైగా మూడు రోజుల కిందట స్టాఫ్‌రూమ్‌లో అందరికీ, "మావారిది ప్రదర్శనలో పెడుతున్నారు, నాలుగింటికి రండి" అని చెప్పేసింది. ఆ మాట విన్నప్పట్నుంచే వానసారుకు అన్నం సయించడం మానేసింది.

ఎనిమిదిన్నరకు కొంగ డాబా ఎక్కింది. అటెండరు ఒక కాలు పట్టాడు. ఎందుకని అడగలేదు. అడగకపోవడం వల్లనే అతను ఇరవై ఏళ్లుగా అక్కడ పనిచేయగలుగుతున్నాడు. ట్యాంకు చాటున కొంగను నిలబెట్టాక వానసారు దాని రెక్కలకు కట్టిన తాడు వంక చూశాడు. ఇంట్లో టేబులు ఫ్యాను గాలికి ఆడిందే గానీ అది అసలు గాలి ఎరగదు. ఒక్క ఐదు నిమిషాలు చూద్దామనిపించింది. చాటున గాలి రాదు గనక రెండడుగులు ఇవతలికి జరిపి తాడు విప్పాడు.

కొంగ రెక్క విప్పింది. చెంచాల మీద ఎండ తళతళలాడింది. ఒళ్లు మరిచి చూస్తున్నవాడికి కింద జీపు ఆగిన చప్పుడు వినిపించలేదు. అటెండరు పైకి వచ్చి, "సార్, తనిఖీ! పై ఆఫీసు నుంచి పెద్దసారు దిగారు. పుస్తకాలు అడుగుతున్నారు" అనేసరికి కొంగను ఉన్నదున్నట్టే వదిలేసి కిందికి పరిగెత్తాడు. పుస్తకాలు సర్దుకుని సూపరింటెండెంటు గదిలోకి వెళ్లేసరికి అక్కడ ఎవరూ లేరు.

"పైకెళ్లారు సార్. ముందు పరికరాలు చూస్తారంట" అన్నాడు అటెండరు.

డాబా మీద ఇద్దరు మనుషులు కొంగకు ఎదురుగా నిలబడి ఉన్నారు. ఒకరు సూపరింటెండెంటు. మోకాళ్ల నొప్పులని ఆయన డాబా ఎక్కి మూడేళ్లయింది. పైన ఏ పరికరాలున్నాయో ఆయనకు తెలియదు. రెండోవారు తనిఖీ అధికారి. ఆయన మొన్నటిదాకా వేరే శాఖలో కుర్చీలు బెంచీల సరఫరా చూసి, రెండు నెలల కిందటే ఇటు బదిలీ అయ్యాడు. పరికరాలు ఎలా ఉంటాయో ఆయనకూ తెలియదు. ఈ సంగతి ఎవరికి వారు దాచుకున్నారు.

"ఇదేమిటి?" అన్నాడు అధికారి.

తెలియదంటే, మీరు పైకొచ్చి ఎన్నాళ్లయిందన్నది తర్వాతి ప్రశ్న. సూపరింటెండెంటు దాన్ని అంతదాకా రానివ్వలేదు. "కొత్త పరికరం సార్."

అధికారి ముఖంలో కంగారు ఒక్క క్షణం తొంగిచూసి వెనక్కి పోయింది. "ఆఁ... ఇక్కడికి కూడా వచ్చేసిందన్నమాట. మంచిది, మంచిది."

"వచ్చేసింది సార్."

"బాగా పనిచేస్తోందా?"

"బ్రహ్మాండంగా సార్. ఇదిగో, మా పరిశీలకుడు వచ్చాడు. ఏమయ్యా, సారుకు దీని సంగతి కాస్త వివరంగా చెప్పు."

మెట్ల దగ్గరున్న వానసారు అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. నిజం చెప్పేస్తే పోతుందనుకున్నాడు. "సార్, ఇది... ఇది కొంగ సార్."

అధికారి కొంగ ముక్కు వంకా, చెంచాల వంకా మార్చి మార్చి చూశాడు.

"మోడలు పేరు సార్!" అన్నాడు సూపరింటెండెంటు. "ఆ కంపెనీవాళ్లు అన్నిటికీ పక్షుల పేర్లే పెడతారు."

"నాకు తెలుసు. దీనికి ముందొచ్చినది..."

"పిచ్చుక సార్."

"అదే, పిచ్చుక" అని అధికారి తల పంకించి, చేప వైపు వేలు చూపించాడు. "ఇది దిక్కు చూపించడానికే కదా?"

"అందుకే సార్."

"గాలి ఇప్పుడెంత?"

వానసారు అలవాటు కొద్దీ మూలనున్న గాలియంత్రం వంక చూశాడు. నిలువు కడ్డీ, మూడు చేతులు, చేతికొక గిన్నె. ఆ శాఖలో గాలిని కొలిచేది అదే. "గంటకు పన్నెండు కిలోమీటర్లు సార్" అన్నాడు. అందులో అబద్ధం లేదు.

అధికారి కొంగను పరకాయించి చూశాడు. "అవును, పన్నెండు. కనిపిస్తూనే ఉంది. మరి ఆ మూలన గిన్నెల సామానేమిటి?"

"అది పాతది సార్" అన్నాడు సూపరింటెండెంటు, అప్పటికి ఆయనకు మాట ఊపందుకుంది.

"కొత్తది వచ్చాక పాతదెందుకండీ? ఒక పనికి రెండు పరికరాలా? ఇప్పుడే దించేయించండి."

"సార్, అది లేకపోతే..." అన్నాడు వానసారు.

"కొత్తదంటే మీబోటివాళ్లకు భయం. అదే మీతో చిక్కు" అని అధికారి మెట్లు దిగాడు. పది నిమిషాల్లో అటెండరు స్పానరు తెచ్చి, గిన్నెల యంత్రాన్ని విప్పి, ట్యాంకు పక్కన పడుకోబెట్టాడు. ఈసారీ అతను ఎందుకని అడగలేదు.

సూపరింటెండెంటు వానసారును ట్యాంకు వెనక్కి లాక్కెళ్లాడు. "ఇప్పుడు చెప్పవయ్యా. ఏమిటది?"

"కొంగేనండీ. నేను చేశాను. సాయంత్రం తీరిక కమ్మర్ల సంఘం ప్రదర్శన ఉంది, అందులో పెట్టడానికి..."

"నువ్వు చేశావా?" ఆయన ముఖం పాలిపోయింది. "మరి పిచ్చుక?"

"పిచ్చుక మీరు చెప్పిందేనండీ."

సూపరింటెండెంటు ట్యాంకుకు చేరగిలబడ్డాడు. "ఇంకో ఏడు నెలల్లో రిటైరవుతున్నానయ్యా. కొంగని కొంగంటే నా పెన్షను గాల్లో కలుస్తుంది. మధ్యాహ్నానికి ఆయన వెళ్లిపోతాడు. అప్పటిదాకా అది పరికరం. తర్వాత అది నీ కొంగ, నీ ఇష్టం. నోరు విప్పావో, ఇద్దరం మునుగుతాం."

కానీ మధ్యాహ్నానికి అధికారి వెళ్లలేదు. కొత్త పరికరాన్ని మొదట గుర్తించిన ఘనత తనదేనని ఆయనకు తోచింది. సూపరింటెండెంటు గదిలో కూర్చుని డైరెక్టరుకు మూడు పేజీల నివేదిక రాయించి పంపించేశాడు. మిగతా కేంద్రాలు ఇంకా గిన్నెలు పట్టుకుని వేలాడుతున్నాయనీ, ఇక్కడ మాత్రం కొంగ విధానం అమలులో ఉందనీ అందులో ఉంది. అంతటితో ఆగక, కొంగ చూపే గాలి వేగాన్ని పావుగంటకొకసారి తనకు చెప్పాలని హుకుం జారీ చేశాడు.

వానసారు డాబా మీద స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అప్పటికి పన్నెండు దాటింది. కొంగ ముచ్చటగా ఆడుతోంది గానీ, ఎన్ని కిలోమీటర్లని దాన్ని అడిగితే నాలుగు దిక్కులా చూసి తల దించుకుంటుంది. అసలు యంత్రం ట్యాంకు పక్కన పడుకుని ఉంది. ఊహించి చెబుదామంటే మనసొప్పలేదు. ఇన్నేళ్లలో ఆయన పుస్తకంలో ఒక్క అంకె కూడా కల్పించి రాయలేదు. తన బతుకులో గర్వపడదగినది ఏమైనా ఉంటే అదొక్కటే.

అప్పుడు పక్క డాబా మీద దండెం కనిపించింది. దాని మీద నీలం తువ్వాలొకటి ఆరేసి ఉంది. పద్దెనిమిదేళ్ల అనుభవంతో, తువ్వాలు అంచు కదిలితే ఇంత, మధ్య కూడా లేస్తే ఇంత అని లెక్క వేసుకున్నాడు. కాస్త నిమ్మళించింది. పావుగంటకోసారి కళ్లు చిట్లించి తువ్వాలును చూడటం, అంకె రాయడం, కింద అప్పజెప్పి రావడం. రెండు గంటలదాకా సవ్యంగానే సాగింది.

రెండూ పదికి పక్కింటావిడ బుట్ట పట్టుకుని పైకొచ్చి బట్టలు తీయడం మొదలుపెట్టింది. వానసారు స్టూలు మీంచి లేచాడు. ఆవిడ చెయ్యి తువ్వాలు మీద పడింది.

"అమ్మా! అమ్మా, అది తియ్యకండి!" అని కేకేశాడు.

ఆవిడ ఉలిక్కిపడి తిరిగింది. "ఏంటి?"

"ఆ నీలం తువ్వాలొక్కటి ఉంచండమ్మా. సాయంత్రం దాకా. నేను మధ్యాహ్నం నుంచీ దాన్నే చూస్తున్నాను."

ఈ మాట ఇంకో రకంగా చెప్పుకోవాల్సిందని ఆయనకు వెంటనే తెలిసింది. ఆవిడ తువ్వాలును గుండెలకు హత్తుకుని, బుట్ట అక్కడే వదిలేసి మెట్లు దిగింది. రెండు నిమిషాల్లో సూపరింటెండెంటు గదిలో ఉంది.

"మీ ఆఫీసులో ఒకాయన మధ్యాహ్నం నుంచీ మా బట్టల వంక చూస్తూ కూర్చున్నాడండీ! నోటితో చెప్పాడు కూడా!"

"ఆయన పరిశీలకుడమ్మా. పరిశీలించడం ఆయన ఉద్యోగం" అన్నాడు సూపరింటెండెంటు.

"బట్టలనా?" అన్నాడు అధికారి.

అప్పుడే వానసారు తలుపు దగ్గరికొచ్చాడు. ఒకవైపు అబద్ధం, ఒకవైపు ఉద్యోగం, మధ్యలో పరువు. ఆవిడ పెద్ద పిల్లలిద్దరూ తన భార్య దగ్గరే లెక్కలు నేర్చుకుంటున్నారు. ఇంతసేపూ ఏం పోతుందోనని భయపడ్డ మనిషికి, ఇక పోవడానికి మిగిలిందేమీ లేదని తెలిసేసరికి ధైర్యమొచ్చింది.

"సార్, మీ గాలియంత్రం మీరు విప్పించేశారు. పైనున్నది పరికరం కాదు, నేను చేసిన బొమ్మ. స్టవ్వు ట్యాంకు, సైకిలు చెయిను, మా ఇంటి చెంచాలు. దానికి గాలిని చూస్తే ఆడటం వచ్చుగానీ కొలవడం రాదు. అందుకని వీళ్ల తువ్వాలు చూసి రాశాను. అమ్మా, మీ తువ్వాలు తప్ప ఇంకేదీ చూడలేదు. నన్ను క్షమించండి."

పక్కింటావిడ ఆయన ముఖంలోకి చూసింది. "ఆ తళతళలాడేది మీరు చేశారా? మా చిన్నది పొద్దుట్నుంచీ కిటికీ దగ్గరనుంచి లేవడం లేదు, కొంగకు చేప దొరుకుతుందేమోనని" అంది. తర్వాత తువ్వాలును బల్ల మీద పెట్టి, "సాయంత్రం ఇచ్చేయండి" అని వెళ్లిపోయింది.

అధికారి లేచి తలుపు మూశాడు. వానసారు ఉద్యోగానికి మనసులోనే నీళ్లొదులుకున్నాడు. సూపరింటెండెంటు కళ్లు మూసుకున్నాడు.

"ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా?" అన్నాడు అధికారి, గొంతు తగ్గించి.

"ఎవరికీ తెలియదు సార్."

"తెలియకూడదు. డైరెక్టరుగారు ఇందాకే ఫోను చేశారు. నివేదిక చూసి చాలా సంతోషించారట. కొంగ విధానం గురించి ఆయనకు ముందే తెలుసట." ఆయన జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "వచ్చే నెల స్వయంగా చూడ్డానికొస్తారు. అందాకా అది అక్కడనుంచి కదలడానికి వీల్లేదు. స్టాకు రిజిస్టరులో ఎక్కించి నంబరు వేయండి."

"సార్, నాలుగింటికి నా ప్రదర్శన..."

"నంబరు పడ్డ సామాను బయటికి పోతే అది దొంగతనమవుతుంది. మీ బొమ్మను మీరే దొంగిలించారని కేసు పెట్టాల్సి వస్తుంది. నాకది ఇష్టం లేదు" అని అధికారి జీపెక్కాడు.

నాలుగు కావస్తుండగా కొంగ ఎడమకాలి మీద తెల్ల పెయింటుతో నంబరు పడింది. వేసినవాడు అటెండరు. వానసారు పక్కన నిలబడి చూస్తుంటే ఏడు నెలల పని కళ్లముందు తిరిగింది. ఏడిస్తే బాగుండదని ట్యాంకు వైపు తిరిగాడు. అక్కడ ఖాళీగా ఉంది.

"గిన్నెల యంత్రం ఏదీ?"

"మూడింటికి ట్రాలీ వచ్చింది కద్సార్. సారుగారి తిరిగే ఇనుప సామానంట, ఆటో అతను ఇమ్మన్నాడు. కొంగేమో గవర్నమెంటుది, ఇదేమో ఎవరికీ అక్కర్లేనిది. ఇదే అయ్యుంటుందని ఎక్కించా" అన్నాడు అటెండరు.

వానసారు రెండు వీధులూ పరిగెత్తాడు. సూపరింటెండెంటు మోకాళ్ల సంగతి మరిచిపోయి వీధి మలుపు దాకా వెంట వచ్చి, "తీసుకొచ్చెయ్యవయ్యా! ఎవరూ చూడకముందే తీసుకొచ్చెయ్!" అని అక్కడ కూలబడ్డాడు.

ప్రదర్శనశాలలో జనం కిటకిటలాడుతున్నారు. తీరిక కమ్మర్లంటే పళ్ల డాక్టర్లు, బస్సు డ్రైవర్లు, బట్టల దుకాణంవాళ్లు, సెలవు రోజున వెల్డింగు టోపీ పెట్టుకునేవాళ్లంతా. వాళ్లు చేసిన రేకు పీతలు పాకుతున్నాయి, గొలుసు పాములు బుసకొడుతున్నాయి, ఒక బోల్టుల గాడిద తోక తిప్పుతోంది. నడిమధ్యన, పెద్ద ఫ్యాను ముందు, ప్రభుత్వంవారి గాలియంత్రం ఠీవిగా తిరుగుతోంది. దాని కింద చీటీ మీద వానసారు పేరు. చుట్టూ ఆరుగురు కమ్మర్లు నోటుపుస్తకాల్లో బొమ్మ గీసుకుంటున్నారు.

ఎదురుగా తొమ్మిది మంది టీచర్లతో భార్య నిలబడి ఉంది. ఆవిడ గబగబా దగ్గరికొచ్చి, "కొంగేదండీ?" అంది.

"ఉద్యోగంలో చేరింది."

"ఏమిటీ?"

"ప్రభుత్వోద్యోగం. నంబరు కూడా ఇచ్చారు" అన్నాడు వానసారు రొప్పుతూ. "పద, ముందు దీన్నిక్కణ్నుంచి..."

అప్పటికే ఆలస్యమైంది. సంఘం కార్యదర్శి లేతు తాత, నలభై ఏళ్లు లేతు మిషను మీద పనిచేసి రిటైరైన పెద్దమనిషి, మైకు పట్టుకున్నాడు. పక్కన న్యాయనిర్ణేత, ఎన్నో కూడళ్లలో లోహశిల్పాలు నిలబెట్టిన పేరున్న శిల్పి, గిన్నెల వంకే చూస్తోంది.

"మీరందరూ దీన్ని చూసి నేర్చుకోవాలి" అందావిడ. "పీతలు, పాములు ఎవరైనా చేస్తారు. ఇక్కడ చూడండి. మూడు గిన్నెలు, ఒక కడ్డీ. ఎక్కడా పూత లేదు, సోకు లేదు. ఇంత నిగ్రహం నేనింతవరకూ చూడలేదు. మొదటి బహుమతి దీనికే. చేసినవారెవరు?"

తొమ్మిది మంది టీచర్లు ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ఎవరో వానసారును ముందుకు తోశారు.

"అమ్మా, ఇది నాది కాదండీ. ఇది ప్రభుత్వానిది" అన్నాడాయన.

శిల్పి కళ్లు మెరిశాయి. "ప్రభుత్వమా! గాలి ఎటు వీస్తే అటు తిరుగుతూ, ఉన్నచోటు నుంచి కదలకుండా... అద్భుతం! నేనంత దూరం ఆలోచించలేదు."

"అది కాదండీ, ఇది నిజంగానే..."

"ఇలాంటివి విప్పి చెప్పకూడదు" అని ఆవిడ ఆయన చేతిలో ఇత్తడి సుత్తి బహుమతి పెట్టింది. నెగ్గిన శిల్పాన్ని నెల రోజులు అక్కడే ఉంచడం సంఘం ఆనవాయితీ అని లేతు తాత ప్రకటించాడు. దాన్ని బల్లకు బిగించి తాళం కూడా వేశాడు.

అరగంట తర్వాత వానసారు, భార్య ఆఫీసు డాబా మీద నిలబడ్డారు. ఆయన జరిగిందంతా చెప్పి తల దించుకున్నాడు. ఆవిడ కొంగ చుట్టూ ఒకసారి తిరిగింది. గాలి కాస్త హెచ్చింది. చెంచాలు వరసగా లేచాయి. చేప జారిపోయింది. కొంగ తలెత్తి నాలుగు దిక్కులా చూసింది. పక్కింటి కిటికీలో ఓ పిల్ల కిలకిలా నవ్వింది.

"ఇదండీ మీరు చేసింది" అంది ఆవిడ మెల్లగా. "నాలుగేళ్లుగా మీ ఇనుముకు అడ్డం రాకుండా నడవడమే గానీ, దీన్ని సరిగ్గా చూడనేలేదు. అచ్చం మీలాగే చూస్తోంది." "ముప్ఫై ఆరు" అని చెంచాల లెక్క సరిచూసుకుంది.

మూడు రోజుల్లో మొదటిసారిగా వానసారుకు ఆకలేసింది.

డైరెక్టరు వచ్చే దాకా ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పకూడదని ఆఫీసులో మౌనంగా ఒప్పందం కుదిరింది. గిన్నెల యంత్రం ప్రదర్శనశాలలో ఫ్యాను గాలికి తిరుగుతూ ఉండిపోయింది. కొంగ డాబా మీద విధులు నిర్వర్తించింది. వానసారు రోజూ పక్కింటి దండెం మీద తువ్వాలు చూసి గాలి వేగం రాసి పై ఆఫీసుకు పంపాడు. ఆ నెల వాతావరణ సూచనల్లో తప్పులు కిందటి నెలకంటే ఎక్కువేమీ రాలేదు.